కొలవని ఆదివారాలు

ఆకెన్‌లో నేను అద్దెకున్న ఇంటావిడ పోయిందని ఆవిడ మేనకోడలు ఫోన్ చేసినప్పుడు నేను మ్యూనిక్‌లో మా ఆఫీసు క్యాంటీన్ వరుసలో ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాను. స్వీడన్‌లో, ముసలివాళ్ళ హైమ్‌లో, మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్న మనిషి లేవలేదట. "అయ్యో" అన్నాను. ఇంతలో నా వంతు వచ్చింది. బంగాళాదుంపలా, అన్నమా అని వడ్డించే ఆయన చేత్తో అడిగాడు. అన్నం వైపు చూపించాను.

"ఇంకో మాట," అంది మేనకోడలు ఇంగ్లీషులో. "ఆ ఆదివారాల నోట్‌బుక్ నా దగ్గరుంది. అందులో మార్చి పేజీ గురించి నిన్నొకటి అడగాలి. శనివారం ఆకెన్ ఇల్లు ఖాళీ చేయడానికి వస్తున్నాను. నువ్వు రాగలవా?"

వస్తానన్నాను. ఏమడుగుతుందో నాకు తెలుసు. నా దగ్గర జవాబు లేదనీ తెలుసు. కూర్చుని అన్నం తిన్నాను, పూర్తిగా. సాయంత్రం యూబాన్ రైల్లో ఏడుపొస్తుందేమోనని చూశాను. రాలేదు. ఇంటికెళ్ళి బట్టలు ఇస్త్రీ చేసుకున్నాను.

శనివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఈ నాలుగు రోజుల్లో ఆవిడ గురించి నాకు గుర్తున్నదంతా రాసి పెట్టుకుందామనిపించింది. గుర్తుండాల్సిన చోట గుర్తులేకపోవడం ఎంత పని చేస్తుందో నాకు ఒకసారి తెలిసొచ్చింది కాబట్టి.

ఆవిడ పేరు రాయను. స్వీడన్ నుంచి జర్మనీ వచ్చి, ఆడవాళ్ళెవరూ అడుగుపెట్టని టర్బైన్ ఫ్యాక్టరీ టెస్ట్ హాల్లో అరవై ఏళ్ళ కిందట ఇంజనీరుగా చేరిన మనిషి. పేరు రాస్తే పక్కన "మొట్టమొదటి మహిళ" అని చేర్చాల్సి వస్తుంది. అది ఆవిడకు ఒళ్ళుమంట. నేను ఆ ఇంట్లో ఉండగా ఒక లోకల్ పేపరు విలేఖరి పూలగుత్తి పట్టుకుని వచ్చాడు. మొదటిదానిగా ఎలా అనిపించింది అని అడిగాడు. ఆవిడ పూలు నా చేతికిచ్చి, "రెండో ఆమె ఎవరో కనుక్కున్నారా?" అంది. అతను బిక్కమొహం వేశాడు. "మొదటిదాన్ని చూడటానికి అందరూ వచ్చారు. రెండో ఆమెను ఎవరూ చూడలేదు, పని మాత్రం అంతే చేసింది. వెళ్ళి ఆమెను అడగండి." పాపం, అతను కాఫీ తాగకుండానే లేచాడు. వ్యాసం ఎక్కడా రాలేదు. పూలు మాత్రం వారం రోజులు నా కిటికీలో ఉన్నాయి.

నేను మాస్టర్స్ కోసం ఆకెన్ వెళ్ళిన కొత్తలో గది దొరక్క హైదరాబాద్ స్నేహితురాలు షాహీన్ గదిలో నేల మీద పరుపు వేసుకుని ఉన్నాను. గది లేకపోతే అన్‌మెల్డుంగ్, అంటే ప్రభుత్వం దగ్గర చిరునామా నమోదు, లేదు, అన్‌మెల్డుంగ్ లేకపోతే ఇంకేదీ లేదు. ఆ పరిస్థితిలో ఈవిడ ఇంటి పైగది ఖాళీగా ఉందని తెలిసి పరిగెత్తాను. ఎనభై దాటిన మనిషి, చదరంగా కత్తిరించిన తెల్ల జుట్టు, మగవాళ్ళ చొక్కా, జేబులో స్టీలు స్కేలు. నా పేరు కూడా అడగలేదు.

"కింద సెల్లార్‌లో థర్మామీటర్ ఉంది. ఎంతుందో చూసి రా," అంది.

దిగి చూసొచ్చి, "పద్నాలుగు" అన్నాను.

"పద్నాలుగు పాయింట్ ఎంత?"

మళ్ళీ దిగాను. "పద్నాలుగున్నరకు కాస్త తక్కువండి."

"కాస్త అంటే?"

మూడోసారి దిగాను. "పద్నాలుగు పాయింట్ నాలుగు."

నోట్‌బుక్ తీసి, పొద్దున తను రాసుకున్న అంకె పక్కన నా అంకె రాయించి, నాతో సంతకం పెట్టించింది. నేను తెలుగులో పెట్టాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది దొంగతనంగా ఎవరూ పెట్టలేరు," అంది. గది నాదైంది. షాహీన్‌కు చెప్తే, "ఇదేం ఇంటర్వ్యూ యార్, మూడుసార్లు మెట్లెక్కితే రూమిచ్చిన్రా?" అని పడీపడీ నవ్వింది. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ ఆవిడ ఇంజనీరమ్మ అయిపోయింది.

ఆవిడ నోట్‌బుక్కులన్నిట్లో ప్రతి పేజీకీ నిలువుగా రెండు గళ్ళుండేవి. మొదటిది తన కొలతకు. రెండోది ఇంకొకరి కొలతకు. ఈ పద్ధతి ఫ్యాక్టరీ నేర్పింది. చేరిన కొత్తలో ఆవిడ ఏం కొలిచినా అక్కడివాళ్ళు నమ్మలేదట. షాఫ్ట్ కొలిస్తే వెనకే ఒక మగమనిషి వచ్చి మళ్ళీ కొలిచి, రెండో గడిలో రాసి, సంతకం పెడితేనే లెక్కలోకి వచ్చేది. నాలుగేళ్ళు అలాగే సాగింది. ఒకరోజు రెండో గడి నింపడానికి ఎవరూ రాలేదు.

"అప్పటికి నమ్మకం వచ్చిందన్నమాట," అన్నాను నేను.

"లేదు. విసుగొచ్చింది," అంది.

అవమానించడానికి పెట్టిన గడిని ఆవిడ వదల్లేదు. ఇంకొకరి కన్ను పడని అంకెను అంకెగా లెక్కపెట్టేది కాదు. ఇంకో నియమం కూడా ఉండేది. తప్పు రాస్తే చెరపకూడదు. దాని మీదుగా ఒకే ఒక్క గీత కొట్టాలి, కింద ఏముందో కనపడాలి, పక్కన సంతకం పెట్టాలి. నేను ఒకసారి నీళ్ళ మీటర్ రీడింగ్ తప్పు రాసి వైట్‌నర్ పూశాను. ఆవిడ ఆ పేజీని గోరుతో గీకుతూ పావుగంట కూర్చుంది.

మనిషి కఠినం అనుకునేరు. కాదు, ఊరికే మాట ఖర్చు పెట్టేది కాదు. రోజూ మూడు గంటలకు కాఫీ, దానితో యాలకుల బన్. యాలకులు మా అమ్మ పంపిన పొట్లంలోంచి నేను ఇచ్చాక, "నేను అరవై ఏళ్ళుగా కొంటున్నది యాలకులు కాదు, పొట్టు," అని ఒప్పుకుంది. "సుమారుగా" అనే మాట ఆ ఇంట్లో నిషేధం. బయట చలి ఎంతుంది అంటే కిటికీలోంచి చూసి చెప్పేది కాదు, "చూడలేదు" అనేది. వాషింగ్ మెషిన్ తిరుగుతుంటే స్క్రూడ్రైవర్ మొనను దానికి ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేది. బేరింగ్ క్రిస్మస్ దాకా ఉంటుంది అంది ఒకసారి. క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు పోయింది. ఆ నాలుగు రోజుల తేడాకు నొచ్చుకుంది కూడా.

దసరా సంగతి చెప్పాలి. మా నాన్నది జగిత్యాలలో మోటార్ వైండింగ్ షాపు. దసరాకు పానాలు, స్క్రూడ్రైవర్లు, వైండింగ్ మెషిను అన్నీ కడిగి పసుపు, కుంకుమ పెడతాం. ఆకెన్‌లో మొదటి దసరా రోజు నాకు ఇల్లు గుర్తొచ్చి మనసాగలేదు. ఇంజనీరమ్మ కూరగాయలకు వెళ్ళిన సమయం చూసి సెల్లార్‌లో ఆవిడ పనిముట్లన్నిటికీ తడి పసుపు రాసి బొట్లు పెట్టాను. అక్కడే ఒక చెక్కపెట్టెలో అద్దంలా మెరిసే స్టీలు ముక్కలు వరసగా ఉన్నాయి. అందంగా ఉన్నాయని వాటికీ పెట్టాను, ఒక్కోదానికీ శ్రద్ధగా, ఉంగరపువేలితో.

అవి గేజ్ బ్లాకులు. మిగతా కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో తేల్చేవి. వట్టి చేత్తో తాకితేనే పాడవుతాయి. నేను ఇంజనీరింగ్ చదివి కూడా వాటిని బొమ్మల్లో తప్ప చూడలేదు. ఆవిడ మెట్ల మీదే ఆగిపోయింది.

"ఇదేమిటి?"

"ఏడాదంతా పని చేసినందుకు దండం పెట్టుకుంటామండి. మా దగ్గర ఆచారం."

"మంచి ఆచారం," అంది. "వేలు తడిగా ఉందా?"

"ఉంది."

స్పిరిట్‌తో ఒక్కోటీ తుడిచింది. ఒకదాని మీద నా వేలిముద్ర అలాగే ఉండిపోయింది, తుప్పు రంగులో. దాన్ని వెలుగుకు పట్టి చాలాసేపు చూసి, దాని కార్డు నా ముందు పెట్టింది. తేదీ, పసుపు, కుంకుమ, వేలిముద్ర అని నాతోనే రాయించి సంతకం చేయించింది. నేను ఏడుస్తూ రాశాను. అప్పట్లో నాకు ఏడుపు తేలిగ్గా వచ్చేది. "ఏడవడం ఎందుకు, రాశావుగా," అంది ఆవిడ నిజంగానే అర్థంకాక. మరుసటి ఏడాది దసరాకు తనే అడిగింది, "ఈసారి బెంచి వైస్‌కు పెట్టు, అది ఏమీ అనుకోదు," అని.

ఆ రెండో దసరా తర్వాత కొన్నాళ్ళకే ఆదివారాల నోట్‌బుక్ మొదలైంది. ఒకరోజు కాఫీ వేళ ఆవిడ కొత్త నోట్‌బుక్ బల్ల మీద పెట్టి, "నాలో ఏదో అరుగుతోంది. ఎంత వేగంగా అరుగుతోందో తెలియాలి," అంది. మతిమరుపు గురించి అంత మామూలుగా మాట్లాడిన మనిషిని నేను చూడలేదు. డాక్టరు ఏడాదికి రెండుసార్లు పరీక్ష చేస్తాడట. రెండు చుక్కల మధ్య ఏ గీతైనా గీయొచ్చు, అది చాలదంది.

పది ప్రశ్నలు తనే రాసింది. ఈ రోజు తారీఖు. నిన్న ఏం తిన్నది. వందలోంచి ఏడేడు తీస్తూ రావడం. గెల్బర్ సాక్ అనే ఆ పసుపుపచ్చ చెత్త సంచీ తీసుకెళ్ళే వారం. మేనకోడలి పిల్లల పేర్లు. నా పేరు. ఇలా పది. ప్రతి ఆదివారం కాఫీకి ముందు నేను అడగాలి, పదికి ఎన్ని వచ్చాయో రాసి సంతకం పెట్టాలి. వరసగా మూడు ఆదివారాలు ఏడు కంటే తక్కువ వస్తే తను ఇల్లు వదిలి మేనకోడలు ఉండే ఊళ్ళో హైమ్‌కు వెళ్ళిపోతుంది. ఈ షరతు మొదటి పేజీలో రాసి సంతకం చేసింది. ఈ నోట్‌బుక్కులో మాత్రం ఒక్క గడే ఉంది.

"మొదటి గడి ఏదండి?" అన్నాను.

"నన్ను నేను కొలుచుకోలేను. ఉన్నది నీ గడి ఒక్కటే. అందుకే జాగ్రత్త," అంది.

డిసెంబర్ దాకా తొమ్మిది, ఎనిమిది, తొమ్మిది, పది, ఎనిమిది. మా ఇద్దరికీ అదొక ఆటలా ఉండేది. పది వస్తే ఇంకో బన్. జనవరిలో ఒక ఆదివారం ఆరు వచ్చాయి. నా పేరు అడిగితే ఆవిడ ఇంకెవరిదో స్వీడిష్ పేరు చెప్పి, నా మొహం చూసి, ఏదో తేడా జరిగిందని గ్రహించింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, "ఎన్ని?" అంది. చిన్నపిల్లలు మార్కులు అడిగినట్టు అడిగింది. అంత గొప్ప ఇంజనీరు అలా అడిగింది.

"తొమ్మిది," అన్నాను. తొమ్మిది అనే రాశాను.

ఆ సాయంత్రం అమ్మకు ఫోన్‌లో చెప్పాను. "మంచి పని చేసినవ్ బిడ్డా," అంది అమ్మ. "పెద్దమనిషిని పట్టుకోని నీకు మతి పోయిందని మొకం మీద అంటరా ఎవరన్న? మీ నాయినమ్మ ఉప్పు రెండుసార్లేసినా మీ తాత కమ్మగుందనే తిన్నడు. గట్లనే ఉండాలె."

మా ఇళ్ళల్లో ప్రేమంటే అదే. తాతయ్య ఆ పప్పు తినడం నేను చూశాను. అందుకని తర్వాతి ఆదివారం పది రాశాను. ఆ తర్వాతిది తొమ్మిది. కొన్ని వారాలకు జవాబులు లెక్కపెట్టడమే మానేశాను. లెక్కపెడితే తెలిసిపోతుంది, తెలిస్తే బాధ. ప్రశ్న అడగడం, ఆవిడ ఏదో ఒకటి చెప్పడం, నేను తలూపడం, ముందే అనుకున్న అంకె వేసి సంతకం పెట్టడం. ఆవిడ సంతోషంగా కాఫీ పోసేది.

షాహీన్‌కు చెప్పినప్పుడు మాత్రం అమ్మలా అనలేదు. "సచ్ చెప్పు, నువ్వు రాస్తున్నది ఆమె కోసమా, రూమ్ కోసమా?" అంది. నాకు కోపమొచ్చింది. థీసిస్ మధ్యలో ఉన్నాను, ఆవిడ హైమ్‌కు వెళ్తే నా గది పోతుంది, అది నిజమే. ఆవిడ మీద ప్రేమా నిజమే. ఏది ఎంత అని అడిగితే నేను కొలవలేదు.

మార్చిలో మేనకోడలు వచ్చింది. యాభై దాటిన స్కూల్ టీచరు, ఆవిడ తమ్ముడి కూతురు. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ ఈ ఇంట్లోనే గడిపేదట. రెండో రోజు ఆదివారం. పొద్దున వంటింట్లోంచి స్వీడిష్‌లో గొడవ వినిపించింది. నేను పైన గదిలో ఉన్నాను, భాష రాదు, గొంతులు మాత్రమే తెలుస్తున్నాయి. దిగేసరికి మేనకోడలు సూట్‌కేసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. నాతో మాట్లాడకుండానే వెళ్ళిపోయింది. ఇంజనీరమ్మ బన్నులు ఓవెన్‌లో పెడుతోంది.

ఆ మధ్యాహ్నం కూడా పది ప్రశ్నలు అడిగాను. ఎప్పటిలాగే తలూపాను. పది రాశాను.

జూన్‌లో ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చేసరికి ఆవిడ వంటింటి బల్ల మీద గ్రాఫ్ పేపరు పరుచుకుని కూర్చుంది. నోట్‌బుక్ తెరిచి ఉంది. చుక్కలు పెట్టి గీత కలిపింది. డిసెంబర్ దాకా గీత ఎగుడుదిగుడుగా ఉంది. జనవరి నుంచి ఇంచుమించు తిన్నగా, పైనే. పొద్దున్నుంచీ అదే పని మీద ఉన్నట్టుంది, కాఫీ గిన్నె అలాగే చల్లారిపోయి ఉంది.

"ముప్పై ఏళ్ళ వయసులో కూడా నాకిన్ని పదులు వచ్చేవి కావు," అంది. "నువ్వు కొలవలేదు."

నేను సంచీ దించి ఎదురుగా కూర్చున్నాను.

"మొదటి తప్పుడు తొమ్మిది, అసలు ఎంత?"

"ఆరు."

"తర్వాతిది?"

"గుర్తులేదండి."

"దాని తర్వాతిది?"

"లెక్కపెట్టలేదు. మీరు బాధపడతారని..."

ఆవిడ కోప్పడలేదు. తిట్టి ఉంటే కాళ్ళు పట్టుకునేదాన్ని, అది నాకు చేతనైన పని. పెన్ను నా వైపు జరిపింది. జనవరి నుంచి ఇరవై ఒక్క ఆదివారాలు. ఒక్కోదాని మీద ఒక్కో గీత కొట్టించింది. మొదటిదాని పక్కన "ఆరు" అనీ, మిగతావాటి పక్కన "కొలవలేదు" అనీ జర్మన్‌లో రాయించింది. సంతకం పెట్టించింది. ఇరవై ఒక్క సార్లు. అంతా అయ్యాక నోట్‌బుక్ దగ్గరకు లాక్కుని, "ఈ అయిదు నెలల్లో నేనే ఆలోచించుకుని నిర్ణయం తీసుకోగలిగి ఉండేదాన్ని," అంది. "ఇప్పుడు తీసుకుంటున్నది నేనో కాదో నాకు తెలియదు. అయిపోయిన రోజును మళ్ళీ కొలవలేం కదా."

తర్వాత కుర్చీలో సర్దుకుని కూర్చుని, "ఇప్పుడు అడుగు," అంది.

అడిగాను. నాలుగు వచ్చాయి.

"ఎన్ని?"

"నాలుగండి."

"రాయి," అంది. ఆ మాటలో కాస్త తేలికపడినట్టు వినిపించింది. అది నా ఊహ కావచ్చు.

తర్వాతి ఆదివారం అయిదు. ఆపైది నాలుగు. మూడో ఆదివారం కాఫీ తాగాక తనే మేనకోడలికి ఫోన్ చేసింది. పెట్టెలు సర్దడానికి నేను సాయం చేశాను. వెళ్ళే రోజు నాతో చేయి కలిపింది, ఎప్పుడూ కలిపేది కాదు. నేను పైగదిలో ఉండే అమ్మాయినని గుర్తుందో, ఫ్యాక్టరీలో ఎవరో అనుకుందో తెలియలేదు. అడగలేదు. అడిగితే అది కూడా రాయాల్సి వస్తుందని భయం.

ఇది జరిగి రెండేళ్ళు. థీసిస్ అయింది, మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చింది. ఒక్కసారి కూడా ఆవిడకు ఫోన్ చేయలేదు. మొదట్లో సిగ్గు వల్ల, తర్వాత అలవాటు వల్ల.

అక్కడిదాకా రాసి, శనివారం రైలెక్కాను. అయిదారు గంటల ప్రయాణంలో కిటికీలోంచి చూసింది ఏదీ గుర్తులేదు. ఆకెన్‌లో బస్సు దిగి నడుస్తుంటే కాళ్ళకు దారి తెలుసు, నాకే ఏమీ అనిపించలేదు. ఇంట్లో సామానంతా పోయింది. వంటింటి బల్ల, రెండు కుర్చీలు మిగిలాయి. మేనకోడలు జుట్టు బాగా నెరిసింది. నన్ను కూర్చోమని, నోట్‌బుక్ మార్చి పేజీ దగ్గర తెరిచి పెట్టింది.

"ఇది నీ సంతకమేనా?"

"నాదేనండి."

"పది అని రాసి కొట్టేసి, కొలవలేదు అని ఉంది. ఎందుకు?"

అంతా చెప్పాను. ఆరు దగ్గర్నుంచి, అమ్మ మాట, గది, గ్రాఫ్ పేపరు, అన్నీ. మధ్యలో ఆపలేదు. విన్నాక ఆమె బల్ల మీద రెండు చేతులూ పరిచి పెట్టింది.

"ఆ పొద్దున అత్త నాతో ఏమందో నీకు తెలియదు కదా," అంది. "నా చిన్నప్పటి వేసవులన్నీ తనకు బరువేనంది. మా నాన్న మొహం చూసి భరించానంది. నేను వచ్చిన ప్రతిసారీ ఎప్పుడు పోతానా అని రోజులు లెక్కపెట్టుకునేదట." నోట్‌బుక్ అంచును బల్ల అంచుకు సరిగ్గా జరిపింది. "నాకు తల్లిప్రేమ అంటే ఈ ఇల్లే. తర్వాత మా ఊళ్ళో రెండేళ్ళు రోజూ వెళ్ళి తినిపించాను. అడుగుదామంటే అప్పటికి ఆమెకు నేనెవరో తెలియదు. ఆ మాట అన్నది మా అత్తా, జబ్బా అన్నది ఒక్కటి తెలిస్తే చాలు నాకు. ఆ రోజు మధ్యాహ్నమే నువ్వు ప్రశ్నలడిగావు. ఎన్ని వచ్చాయి?"

మూడు అనాలని నాలుక చివర ఉంది. మూడు అంటే ఆమె గుండె మీది బండ దిగిపోతుంది. మా అమ్మయితే క్షణం ఆలోచించదు. నేను కూడా రెండేళ్ళ కిందట అయితే ఆలోచించేదాన్ని కాదు. నిజంగా మూడే వచ్చి ఉండొచ్చు. ఎనిమిది వచ్చి ఉండొచ్చు కూడా. అప్పట్లో ఆవిడకు కొన్ని రోజులు శుభ్రంగా ఉండేవి.

"తెలియదండి," అన్నాను. "నేను లెక్కపెట్టలేదు."

"తక్కువే అయి ఉంటుంది కదా? జనవరిలోనే ఆరు అంటున్నావు."

"కావచ్చు. కాకపోవచ్చు. నాకు తెలియదు."

"గుర్తు తెచ్చుకో. తారీఖు చెప్పిందా? నా పిల్లల పేర్లు చెప్పిందా?"

కళ్ళు మూసుకున్నాను. ఓవెన్‌లోంచి బన్నుల వాసన గుర్తుంది. ఆవిడ చొక్కా చేతికి అంటిన పిండి గుర్తుంది. నేను తలూపుతూ ఉండటం గుర్తుంది. ఆవిడ నోరు కదులుతోంది, మాట లేదు.

"లేదండి," అన్నాను.

"ఏదో ఒక అంకె చెప్పు," అంది మేనకోడలు. గొంతు ఎంత చిన్నదైపోయిందంటే, టీచరు కాదు, సెలవులకు వచ్చిన పిల్ల అడుగుతున్నట్టుంది. "ఏదైనా సరే. నేను నమ్ముతాను."

చెప్పలేదు. ఆమె తల బల్లకు ఆనించి ఏడుస్తుంటే ఎదురుగా కూర్చున్నాను. ఆ ఆదివారం నా పేరు అడిగినప్పుడు ఆవిడ ఏమని చెప్పిందో, అదొక్కటైనా గుర్తు తెచ్చుకోవాలని చాలాసేపు ప్రయత్నించాను. రాలేదు.